పచ్చికుండ మీద మాట

"నువ్వు గూడ కూసో బిడ్డా. వాని పక్కన కూసొని రెండు ముద్దలు తిను."

వరమ్మ పిలవడం అది మూడోసారి. కోడలు స్రవ్య కదల్లేదు. గుమ్మానికి చేరగిలబడి మొగుడు తింటున్న తీరు చూస్తోంది.

విశాల్ తల వంచుకుని తింటున్నాడు. ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు ఎడమచెయ్యి పళ్లెం చుట్టూ కాపలా పెట్టాడు. ఇదివరకు ఈ అలవాటు లేదు. జైల్లో నేర్చుకొచ్చిన విద్య.

నిన్న పొద్దుగూకే వేళ ఇంటికొచ్చాడు. ఛత్రినాక ఆటో స్టాండులో జరిగిన కొట్లాటలో ఎవరిదో తల పగిలితే, పగలగొట్టినవాణ్ణీ ఆపబోయినవాణ్ణీ కలిపి నలుగురిని పట్టుకుపోయారు. ముగ్గురు వారం తిరక్కుండా జమానత్ మీద బయటపడ్డారు. విశాల్ మాత్రం నెల దాటినా లోపలే ఉన్నాడు. కిరాయి ఇంట్లో ఉంటూ కిరాయి ఆటో తోలేవాడికి కోర్టుకొచ్చి పూచీ పడేదెవరు?

పడేవాడు చివరికి దొరికాడు. స్రవ్యకు మింగుడుపడనిదల్లా ఆ దొరికినవాడే.

"గుండయ్య సేటు నీకు జమానత్ ఎందుకిచ్చిండు?"

విశాల్ ముద్ద నోటి దగ్గర ఆగింది. "మంచి మనిషి. ఇచ్చిండు."

"నెల కింద మంచి మనిషి కాదా? గప్పుడు నేను ఆయన దుకాణం ముందట నిలబడి బతిలాడిన. కోర్టు లొల్లి నాకొద్దు బిడ్డా అన్నడు."

"ఇప్పుడు మనసు మారింది. నేనింటికొచ్చిన గదా, ఇంక నీకేం ఫికర్?"

"మనసు ఎప్పుడు మారింది? రంగం ముందా, రంగం అయినంకనా?"

గిన్నెలో గరిటె చప్పుడైంది. వరమ్మ అన్నం కలియబెడుతోంది. కలియబెట్టడానికి అందులో అన్నం పెద్దగా మిగల్లేదు.

ఇంటికి మొగుడొస్తే ఏ ఇల్లాలైనా సంతోషపడుతుంది. స్రవ్య కూడా పడింది. అబద్ధమెందుకు, నిన్న ఆటో దిగుతున్నవాణ్ణి చూసి గల్లీలోనే బోరుమంది. ఆ కన్నీళ్లు ఆరేలోపే అనుమానం మొదలైంది. అనుమానం ఇంట్లో దూరిన ఎలుకలాంటిది. ఒకటి కనబడిందంటే మూలమూలనా ఇంకా ఉన్నట్టే.

సోమవారం నాడు బోనాల రంగంలో, అత్త ఒంటి మీదికొచ్చిన అమ్మవారు దవాఖాన జాగాలో జైలు కట్టనివ్వమంది. బుధవారం నాడు గుండయ్య సేటు కోర్టు మెట్లెక్కి జమానత్ ఇచ్చాడు. మధ్యలో అడ్డమున్నది ఒక్క మంగళవారమే.

"అత్తమ్మా, సోమవారం నాడు పచ్చికుండ మీద నిలబడి నువ్వు చెప్పింది నీకు యాదికున్నదా?"

"రంగమెక్కినంక నాకేం యాదుంటది? అమ్మ పలికిస్తది, నేను పలుకుత. దిగినంక నీళ్లు తాగుత. గంతే." వరమ్మ ఆ మాట కోడలితో అనలేదు, అన్నం గిన్నెతో అంది.

"ఏండ్ల సంది చూస్తున్న. అమ్మవారు వచ్చిందంటే ముందు తిడ్తది. నాకు సాక సరిగ పోయలే, నా బిడ్డలను సరిగ చూస్కోలే అని అందర్ని కడిగి పారేస్తది. ఈసారి ఎవ్వరిని ఒక్క మాట అనలే."

"అమ్మవారిని గూడ లెక్క అడుగుతవా ఏంది?" విశాల్ పళ్లెం పక్కకు తోశాడు. "తిననియ్యవా నన్ను?"

"తినేటప్పుడు లొల్లి వద్దు," అంది వరమ్మ.

లొల్లి ఆగింది. ఆగి, ముగ్గురి మధ్యా కూర్చుంది.

*

బోనాల మర్నాడు ఒంటినిండా పసుపు పూసుకుని, చేతిలో వేపకొమ్మ పట్టుకుని, గుడి ముందు కాల్చని కుండ మీద నిలబడి వరమ్మ రంగం చెబుతుంది. స్రవ్య కోడలై రాకముందు నుంచీ ఆ బస్తీకి ఆమె నోరే అమ్మవారి నోరు. మట్టి తడారని కుండ మనిషి బరువుకు చితకదు. ఎందుకు చితకదని అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. వానలు పడతాయా, పిల్లలకు జబ్బులు తగ్గుతాయా అని అడుగుతారు. అమ్మవారు చెప్పింది వింటారు, లెంపలేసుకుంటారు, ఇంటికి పోతారు.

ఈ ఏడు గుడి కమిటీ అధ్యక్షుడి హోదాలో గుండయ్య సేటు చేతులు జోడించి కొత్త ప్రశ్న అడిగాడు. "తల్లీ, దవాఖాన జాగల సర్కారు జైలు కడతనంటున్నది. కట్టనియ్యాల్నా, వద్దా?"

"కట్టనియ్యండి. అడ్డం పడకుండ్రి."

అంతే. బస్తీకి బస్తీ లెంపలేసుకుంది.

ఆ జాగాలో ఒకప్పుడు చిన్న సర్కారు దవాఖాన ఉండేది. ఒక నర్సు, ఒక కాన్పు గది, ముందు వేపచెట్టు. కొత్తది కడతామని పాతది కూలగొట్టారు. కూలగొట్టడం వరకూ మాట నిలబెట్టుకున్నారు. నిరుడు వానాకాలంలో స్రవ్యకు నొప్పులొచ్చినప్పుడు ఆ జాగాలో పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు. విశాల్ ఆటోలో పడుకోబెట్టుకుని బయల్దేరాడు. మలక్‌పేట రోడ్డు మీద బండ్లు కదల్లేదు. పిల్లాడు ఆటోలోనే పుట్టాడు. ఏడవలేదు.

అందుకే, అక్కడ జైలు కడతారన్న వార్త రాగానే మొదట వెళ్లి కూర్చున్నది స్రవ్య. చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో పని ముగించుకుని వచ్చి సాయంత్రాలు ఆ జాగాలో చాప పరిచేది. ఒక్కతే కూర్చుంది, తర్వాత పదిమందయ్యారు, తర్వాత చాపలు చాల్లేదు. జైలు వద్దు, కాన్పుల దవాఖాన కావాలె. గంజాయికి మరిగిన పోరగాళ్లను మాన్పించే చోటు కావాలె. పసిపిల్లలకు అంగన్‌వాడీ కావాలె. ఇవీ వాళ్లడిగినవి. ఇవాళ సాయంత్రం అధికారులు ఆ జాగాకే వచ్చి బస్తీ మాట వింటామన్నారు.

వినడానికి బస్తీకి మాటెక్కడ మిగిలింది? మంగళవారం నాడు చాపలు సగం ఖాళీ.

స్రవ్య అంట్లు ముందేసుకుని నల్లా దగ్గర కూర్చుంది. అన్నిటికన్నా కింద అంచు సొట్టపోయిన స్టీలు పళ్లెం ఉంది. అత్త తినే పళ్లెం. ఆ పళ్లెంలో ఇంకొకరు తినరు.

పీచు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

సోమవారం పొద్దున ఈ పళ్లెం తడిగా ఉంది. రాత్రి తోమి బోర్లించిన గిన్నెల మీద వెల్లకిలా, అడుగున ఒక మెతుకుతో. గుడికి పోయే తొందరలో చూసింది, పిల్లి ముట్టిందేమో అనుకుని మళ్లీ కడిగి పెట్టింది. పిల్లి తింటే పళ్లెం కడుగుతుందా? ఆ ఆలోచన అప్పుడు రాలేదు.

రంగమెక్కే మనిషి ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి మెతుకు ముట్టదు. తిన్న ఒంటి మీదికి అమ్మవారు రాదు. ఈ ఇంట్లో కాలు పెట్టిన మొదటి బోనాలకే వరమ్మ స్వయంగా చెప్పిన మాట అది.

స్రవ్యకు కోపం రాలేదు, భయమేసింది. చేతులు కడుక్కుని బయటికి నడిచింది.

*

సోనీ దవాఖాన జాగాలో షామియానా గుంజలు పాతిస్తోంది. వాటర్ బోర్డులో పనిచేసే సామ్యూల్ భార్య. స్రవ్య పక్కన చాప మీద కూర్చున్న మొదటి మనిషి ఆమే.

"మీ ఆయన వచ్చిండంట గదా," అంది వెనక్కి తిరక్కుండానే.

"వచ్చిండు సోనక్కా."

"మంచిగయింది."

ఆ మాటలో మంచి ఏమీ వినబడలేదు. గుంజ పాతే మనిషిని అటు పొమ్మని, సోనీ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఒక మాట అడుగుత. కోపం తెచ్చుకోవు గదా?"

"అడుగు."

"మీ అత్త ఏం చెప్తదో నీకు ముందే తెల్సా?"

స్రవ్య ఊరందర్నీ అనుమానిస్తూ తిరుగుతుంటే, ఊరు కూడా ఖాళీగా కూర్చోలేదన్నమాట.

"గట్లెట్ల అనుకున్నవ్ అక్కా?"

"నేనంటలే. నల్లా కాడ అంటున్నరు. స్రవ్య మొగణ్ని ఇడిపించుకోనీకి అత్తతోని చెప్పిచ్చిందంట. మనల్ని గీ చాపల మీద కూసోవెట్టి, ఎనక సేటుతోని సౌదా చేస్కున్నదంట."

"నువ్వు నమ్మినవా?"

సోనీ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ వెంటనే చెప్పకపోవడం స్రవ్యకు చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

"నేను చర్చికి పోయెటిదాన్ని. మీ అమ్మవారి సంగతి నాకు తెల్వదు," అంది చివరికి. "గని జమానత్ సంగతి తెల్సు. సేటు ఉత్తగ ఇయ్యడు. ఎవరో ఏదో ఇచ్చిండ్రు. నువ్వు కాకుంటే ఎవరో కనుక్కో. సాయంత్రం లోపల కనుక్కో. లేకుంటే నువ్వు మైకు పట్టుకున్నా ఒక్కరు వినరు."

*

గుండయ్యది బియ్యం, పప్పుల హోల్‌సేల్ దుకాణం. తాతల నాటిది. బస్తాల మధ్య చిన్న గద్దె మీద కూర్చుని, స్రవ్యను చూడగానే నవ్వాడు.

"రా బిడ్డా రా. విశాల్ మంచిగున్నడా? చాయ్ చెప్పాల్నా?"

"వద్దు సేట్. ఒక సంగతి తెల్సుకుందామని వచ్చిన. నెల కింద ఇయ్యనన్న జమానత్ ఇప్పుడెందుకిచ్చిండ్రు?"

నవ్వు చెదరలేదు. ఊరక రారు మహాత్ములు అన్న సంగతి ఆయనకు తెలియనిదా. "మీ అత్త అమ్మవారి మనిషి. గామె కండ్ల నీళ్లు చూడలేకపోయిన."

"గా నీళ్లు నెల రోజుల సంది ఉన్నయ్."

"నేనేమన్న షరతు పెట్టిన్నా? పోయి అడుగు మీ అత్తని." సేటు షట్టర్ వైపు చెయ్యి చూపించాడు. "గా తాళాలు చూడు. రెండుసార్లు ఇరగ్గొట్టిండ్రు. ఎవరు? బయటోళ్లు కాదు, మన గల్లీ పోరగాళ్లే. గంజాయికి పైసల్లేక. చిన్నప్పుడు నా దుకాణంల బెల్లం ముక్క అడుక్కొని తిన్నోళ్లు. నాకు బాధ ఉండదా?"

"మరి వాళ్లను జైల్ల పెట్టాల్నా, దవాఖానల పెట్టాల్నా?"

"ముందుగాల నా దుకాణంల కాకుండ యాడన్న పెట్టు బిడ్డా."

స్రవ్యకు ఒక్క క్షణం ఆయన మీద జాలి కలిగింది. అదే ఆమెకు నచ్చలేదు. జాలి కలిగిన చోట అనుమానం నిలవదు, అనుమానం లేకుండా ఈ మనిషి ముందు నిలబడటం మంచిది కాదు.

"జైలొస్తే గా లోపలోళ్లకు బియ్యం ఎవరు పోస్తరు సేట్?"

నవ్వు మొదటిసారి ఆగింది.

"టెండరేసినోడు పోస్తడు."

"మీరెయ్యరా?"

"వ్యాపారం చేసెటోన్ని. ఎందుకెయ్య?" గుండయ్య గొంతు తగ్గించాడు. మెత్తగా, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టు అన్నాడు. "చూడు బిడ్డా. జమానత్ ఇచ్చినోడు వాపసు గూడ తీస్కోవచ్చు. కోర్టుల ఒక్క దరఖాస్తు పెడితే చాలు, వేరేటోడు దొరికెదాంక మనిషి లోపలికే. నేను గట్ల చేసెటోన్ని కాదు. ఊకెనే, తెల్సి ఉండాలని చెప్తున్న."

*

వరమ్మ గడప లోపల కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. స్రవ్య ఎదురుగా చతికిలబడింది. పళ్లెం పేరెత్తలేదు, సేటు పేరెత్తలేదు.

"సోమవారం పొద్దుగాల తిన్నవా అత్తమ్మా?"

వరమ్మ వేళ్లు ఆగలేదు. ఒక గింజ తీసింది, ఇంకో గింజ తీసింది.

"తిన్న."

కాదంటుందని, తిడుతుందని, అమ్మవారి మీద ఒట్టేస్తుందని అనుకుంది స్రవ్య. ఆ మూడిటికీ జవాబులు సిద్ధం చేసుకునే వచ్చింది. దీనికి మాత్రం చేసుకోలేదు.

"ఆకలికి ఆగలేక తిన్నననుకుంటున్నవా? కావాలనే తిన్న. కడుపు నిండ తిన్న. పెరుగేస్కొని, మామిడికాయ తొక్కేస్కొని తిన్న. మింగుడు పడకుంటే నీళ్లు తాగి మింగిన."

"ఎందుకు?"

"అమ్మ నా మీదికి రావద్దని."

చింతపండు చేట పక్కకు జరిపింది. అప్పుడు చూసింది కోడలి కళ్లలోకి.

"అమ్మ వస్తే నిజమే చెప్తది. నాకు అబద్ధం కావాలె. అబద్ధం నాదైతే పాపం నాది. అమ్మ నోట్ల ఎట్ల పెట్టాలె బిడ్డా? గందుకే కడుపు మైల చేస్కొని ఎక్కిన. కుండ మీద నిలబడంగనే కాళ్లు వణికినయ్. చితుకుతదనుకున్న. చితికితే మంచిగుండు అనుకున్న. చితకలే."

స్రవ్య చెడామడా కడిగేద్దామనే వచ్చింది. ఇంత భక్తితో అబద్ధమాడే మనిషి మీద కోపమెట్లా తెచ్చుకోవాలో ఎవరైనా నేర్పితే బాగుండుననిపించింది.

"సేటు అడిగిండా నిన్ను?"

"సేటు గట్ల అడుగుతడా? అమ్మవారు ఏమంటదో చూద్దాం వరమ్మా, అయినంక జమానత్ సంగతి చూద్దాం అన్నడు. గంతే అన్నడు."

"గా మాట నువ్వెట్ల ఒప్పుకున్నవ్? జైలు వద్దని నాతోని చాప మీద నువ్వు గూడ కూసున్నవ్ గదా అత్తమ్మా!"

వరమ్మ చూపు స్రవ్య భుజం మీదుగా గుమ్మం వైపు పోయి ఆగింది. స్రవ్య వెనక్కి తిరిగింది.

విశాల్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో.

"నేనే చెప్పిన," అన్నాడు.

"ఏం చెప్పినవ్?"

"అమ్మ నన్ను చూడనీకి జైలుకు ములాఖత్‌కు వచ్చినప్పుడు చెప్పిన. సేటు కాళ్లు పట్టుకో, ఏమడిగితే అది ఇయ్యి, నన్ను బయటికి తియ్యి అన్న."

"నాకేం చెప్పినవ్? గా ఇనుప జాలీ అవతల నిలబడి నాకేం చెప్పినవ్? కొట్లాడు స్రవ్యా, ఇడువకు అన్నవ్. నేను గా మాట పట్టుకొని..."

"నీకు కొట్లాడు అన్న. అమ్మకు తియ్యి అన్న. రెండూ నిజమే." విశాల్ గోడకు ఆనుకుని కిందికి జారాడు. "గా లోపల ఒక దిక్కు తిరిగి పండుకుంటే మళ్ల మసలనీకి జాగ ఉండది. పక్కోడు లేస్తే మనం లేవాలె. ఇంకో జైలు కడితే మనుషులు కాళ్లు చాపుకొని పండుకుంటరు గదా, తప్పేంది అనుకున్న."

"కొత్తది కట్టి ఖాళీగ ఉంచుతరా? నింపుతరు. ఎవరితోని నింపుతరు? జమానత్ లేని నీ అసొంటోళ్లతోని. మన గల్లీ పోరగాళ్లతోని. నువ్వు కాళ్లు చాపినంత సేపు పట్టది, మళ్ల నిండుతది."

"నాకు గంత దూరం కనిపియ్యలే."

స్రవ్య లేచి నిలబడింది. తను అనకూడదనుకున్న మాట ఆమెను అడక్కుండానే బయటికొచ్చింది. "బాబు పుట్టిన నాడు ఆటో తోలింది నువ్వు."

విశాల్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. వరమ్మ లేచి లోపలికి పోయింది. చేటలో చింతపండు మీద ఈగలు వాలాయి, తోలేవాళ్లు లేరు.

కాసేపటికి విశాల్ తల ఎత్తకుండానే అడిగాడు. "సాయంత్రం చెప్తవా? అమ్మ తిని ఎక్కిందని?"

స్రవ్య వంగి చేట మీది ఈగలు తోలింది. చెబితే వరమ్మకు బస్తీలో తలెత్తుకునే చోటుండదు. మళ్లీ ఆమెను ఎవరూ కుండ ఎక్కమనరు. చెప్పకపోతే అమ్మవారి మాటగా ఆ అబద్ధమే నిలిచిపోతుంది, దాని మీద జైలు లేస్తుంది.

*

షామియానా కింద బస్తీ అంతా చేరింది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. స్రవ్య పోయి కూర్చోగానే ఇటూ అటూ ఉన్న ఇద్దరు కాస్త జరిగారు. చోటివ్వడానికి కాదు.

"ప్రజల అభిప్రాయం తెలుసుకోవడానికే వచ్చాం. అందరూ నిర్భయంగా చెప్పండి," అన్నాడు పెద్ద సారు, వాచీ చూసుకుంటూ.

గుండయ్య మైకు ముందుకొచ్చి దండం పెట్టాడు. "సార్, మా బస్తీల అందరం అమ్మవారి మాట మీద నడిచెటోళ్లం. అమ్మవారు కట్టనియ్యమన్నది. ఇంక మాకు వేరే అభిప్రాయం లేదు."

పెద్ద సారు నవ్వి తలూపాడు. ఇంత సులువుగా తేలిపోయే సభలు ఆయనకు అరుదేమో. "ఇంకెవరైనా మాట్లాడతారా?"

స్రవ్య లేచింది. నడుస్తుంటే గుసగుసలు చీర కుచ్చిళ్లకు అడ్డం పడ్డట్టయింది. మైకు దగ్గరికి చేరకముందే ముందు వరసలో ముసలి రాజమణి గొంతెత్తింది.

"అమ్మవారి మాటకు ఎదురు చెప్తవానే?"

ఒక్క మాట చాలు. మా అత్త తిని ఎక్కింది. ఆ ఒక్క మాట నాలుక చివర నిలబడింది. ఆడవాళ్ల మధ్య వరమ్మ తలమీద కొంగు కప్పుకుని, నేల చూస్తూ కూర్చుంది. పసుపు పూసుకోని ఆ మొహం ఎంత చిన్నదో స్రవ్య ఇంతవరకూ గమనించలేదు.

ఆ మాట మింగేసింది.

"నేను అమ్మవారి మాట ఎత్తను అవ్వా. నా మాట చెప్పనీకి వచ్చిన." "సార్, గిదే జాగల కాన్పు గది ఉండె. ఉన్నట్లయితే నా కొడుకు గీడ పుట్టెటోడు. ఆటోల పుట్టిండు. గంతకంటే నేను చెప్పలేను."

గుసగుసలు తగ్గాయి.

"మా ఆయన తప్పు చేసిండని ఇంకా ఏ కోర్టు చెప్పలే. జమానత్ ఇచ్చెటోడు లేక నెల మీద లోపలున్నడు. ఆయన పక్కన పండుకున్నోళ్లు గూడ గట్లనే ఉన్నరంట. వీళ్ల కోసం ఇంకో జైలు ఎందుకు సార్? గా పైసలతోని మాకు దవాఖాన కట్టుండ్రి. గంజాయి తాగే పోరగాళ్లను మంచిగ చెయ్యుండ్రి. గప్పుడు ఉన్న జైలే మీకు సరిపోతది."

"మీ ఆయన బయటికొచ్చిండు గదా! ఎట్లొచ్చిండో చెప్పు!" మగవాళ్లలోంచి ఎవరో అరిచారు.

"చెప్త. గుండయ్య సేటు జమానత్ ఇచ్చిండు. ఆయనకు దండం పెడుత. ఇచ్చినోడు వాపసు తీస్కోవచ్చని పొద్దుగాల ఆయనే నాకు చెప్పిండు. తీస్కుంటే తీస్కోనియ్యండి. నా నోరు గా జమానత్‌కు తాకట్టు పెట్టలే. నాకు గీడ దవాఖానే కావాలె."

గుండయ్య మొహం నల్లబడింది. స్రవ్య ఆయన్ని దొంగ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే లేచి నిలబడ్డాడు.

"నలుగుర్ల నన్ను దొంగను చేసింది. సరే బిడ్డా. రేపే కోర్టుకు పోత."

తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. రోడ్డు పక్కన ఆటోకు ఆనుకుని విశాల్ ఉన్నాడు. పారిపోతాడేమో అనుకున్నవాళ్లు కొందరు. స్రవ్య కూడా అనుకుంది. కట్టుకున్నవాడి మీద అంత మాత్రం నమ్మకం కూడా మిగల్లేదని అప్పుడే తెలిసి, ఆమెకు ఏడుపొచ్చింది.

విశాల్ జనంలోంచి నడిచి ఆడవాళ్ల వైపు వచ్చాడు. తల్లి ముందు గొంతుకూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆటో తాళంచెవి పెట్టాడు. చేతి కడియం బిగుసుకుపోయి ఉంటే తిప్పి తిప్పి లాగి, అదీ పెట్టాడు.

"ఉంచు అమ్మా. గివి లోపలికి పోనియ్యరు."

తర్వాత స్రవ్య వైపు చూశాడు. పొద్దుటి నుంచి ఆమె కళ్లలోకి చూడని మనిషి, ఇప్పుడు చూపు తిప్పలేదు.

పెద్ద సారుకు ఏం జరుగుతోందో అర్థంకాక పక్కనున్న గుమాస్తాను అడుగుతున్నాడు. అంతలో వరమ్మ ఒళ్లోవి కొంగులో మూట కట్టుకుని, నేలకు చెయ్యి ఆనించి లేచింది. మైకు వైపు నడిచింది.

స్రవ్య రెండంగల్లో ఎదురుపోయి, మైకుకు అడ్డంగా నిలబడి, అత్త రెండు చేతులూ పట్టుకుంది.

"వద్దత్తమ్మా. నీకు దండం పెడుత. నేను చెప్పలే, నువ్వు చెప్పకు. చెప్పినంక నిన్నెవ్వరు మనిషిగ చూడరు."

వరమ్మ చేతులు విడిపించుకుంది. పండగనాడు కుండ ఎక్కేముందు జనాన్ని చూసినట్టే ఆ కొస నుంచి ఈ కొస దాకా బస్తీని చూసింది.

"పక్కకు జరుగు బిడ్డా," అంది.